అక్కకు నేర్పిన చ

బస్సులో కిటికీ పక్క సీటు నాకు పడదు. కూర్చుంటే బోర్డులు కనిపిస్తాయి. కనిపిస్తే చదవకుండా ఉండలేను. చదివితే తప్పులు దొరుకుతాయి. దొరికినవాటిని దిద్దుదామంటే బస్సు ఆగదు. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళేలోపు సీట్లో పదిసార్లయినా అటూ ఇటూ కదులుతాను. పక్కన కూర్చున్నవాళ్ళు నాకు మూలశంక ఉందనుకుంటారో ఏమో, కొందరు జాలిగా చూసి కాస్త జరిగి చోటిస్తారు.

ఫంక్షన్ హాలు కమాను మీద ఇంతెత్తు అక్షరాలతో 'ఆవ్హానం' అని ఉంటుంది. హ కింద వ ఉండాలి. వ కింద హ పెడితే అది పిలుపు కాదు, ఆవులింత. గోడ మీద 'ఇచ్చట ముత్రము పోయరాదు' అని ఉంటుంది. దీర్ఘం లేదు కాబట్టి ఆ హెచ్చరిక తమకు వర్తించదన్నట్టు జనం అక్కడే నిలబడతారు. ఒక నాయకుడు పెళ్ళికి వెళ్ళి వధూవరులను 'పరామర్శించాడు' అని మొన్ననే పత్రికలో చదివాను. పరామర్శ అంటే కష్టంలో ఉన్నవాళ్ళను పలకరించి ఓదార్చడం. పెళ్ళయింది కదా, ఓదార్చాల్సిందే అంటుంది మా ఆవిడ. ఆమెకు అన్నీ వేళాకోళమే.

ముప్పై ఏళ్ళుగా నా పని తప్పులు దిద్దడం. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ఇప్పుడు ఎక్కువగా ఫ్లెక్సీలు. ఒకసారి కమ్మర్‌పల్లి దిక్కు నుంచి ఒకాయన వచ్చి, చనిపోయిన తండ్రి ఫోటో ఇచ్చి, 'వర్ధంతి శుభాకాంక్షలు' అని రాయమన్నాడు. శుభాకాంక్షలు ఎట్లా చెప్తావయ్యా అని అడిగితే, "అందరు గట్లనే రాస్తున్నరు సార్, మా బాపుకేం తక్కువ" అన్నాడు. గంటసేపు వాదించి 'వర్ధంతి' కింద 'నివాళి' అని పెట్టించాను. ఆయన సంతోషంగా వెళ్ళలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం రుచిగా ఉంది.

రాత ఒక్కటే అయితే పనితో పోయేది. నాకు చెవి జబ్బు కూడా ఉంది. టీవీలో యాంకరమ్మ 'పెల్లి' అంటే రిమోట్ వెతుక్కుంటాను. కూరగాయల బండి దగ్గర 'సూడు', 'సెప్పు', 'సదువు' వినబడితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. చూడు, చెప్పు, చదువు. ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నారన్నది తర్వాత సంగతి. నా చెవి అక్షరం దగ్గర ఆగిపోతుంది, మాట దాకా పోదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియడానికి మా అక్క చెయ్యి విరగాల్సి వచ్చింది.

ఈ జబ్బు నాకు బడిలో అంటుకుంది. మాది కోటగిరి దగ్గర కాలువ కింది పల్లె. అప్పట్లో చుట్టూ చెరకే ఉండేది. బాపు చెరకు బండి తోలి బోధన్ ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. అమ్మ, మేం అవ్వ అనేవాళ్ళం, కలుపుకు పోయేది. ఇంట్లో, తోటలో, బండి మీద అందరూ దాన్ని 'సెరుకు' అనేవాళ్ళు. ఐదో తరగతి డిక్టేషన్‌లో నేనూ అట్లాగే రాశాను. సారు నా నోటుబుక్కు పైకెత్తి అందరికీ చూపించి, "వీళ్ళింట్లో సెరుకు తింటారంట, అదేం జంతువురా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. నవ్వినవాళ్ళ ఇళ్ళలోనూ అదే మాటని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. మర్నాటికి 'చెరకు' అని వందసార్లు రాసుకు రమ్మన్నాడు.

సాయంత్రం ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఏడుస్తూ రాస్తుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నన్ను ఎత్తుకోవడానికి మూడో తరగతితో బడి మానేసింది. రాసిన ప్రతిసారీ నన్ను పైకి చదవమంది. చదువుతుంటే తను కూడా నోరు కదిపింది. చె, ర, కు. వంద పూర్తయ్యేసరికి నాకు చేతి నొప్పి మిగిలింది, ఆమెకు మాట వచ్చేసింది. మర్నాడు తోటలో కోతకు వచ్చిన ఆడవాళ్ళతో, "సెరుకు గాదవ్వా, చెరకు. మా తమ్ముని బుక్కుల గట్లనే ఉన్నది" అని చెప్పిందట. వాళ్ళు విరగబడి నవ్వారట. అక్క ఏమీ అనుకోలేదు. తమ్ముడు చెప్పినమాట తప్పెట్లా అవుతుందని ఆమె ధీమా.

నా మొదటి శిష్యురాలు ఆమే. చివరిదాకా మాట విన్న శిష్యురాలూ ఆమే. నా పిల్లలు ఎప్పుడో చేతులెత్తేశారు.

ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, నిజామాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాక అక్క వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట దిద్దేవాణ్ణి. 'కండ్లు' అంటే 'కళ్ళు' అనాలి అక్కా అన్నాను ఒకసారి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కండ్లు మంచి మాట, పాతమాట, ఎక్కడా తప్పు లేనిమాట. ఆనాడు నాకు పుస్తకాల్లో కనపడనిదంతా తప్పే. అక్కకు 'ళ్ళు' నోరు తిరగలేదు. 'కల్లు' అనేది. ఒక బారసాలలో, తలనొప్పిగా ఉండి, "పొద్దుగాల సంది కల్లు తిరుగుతున్నయ్" అన్నది. వరసైన ఒకాయన అందుకుని, "ఎన్ని సీసాలు తాగినవ్ వదినె?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె నోట కండ్లు వినలేదు, కల్లు కూడా వినలేదు. మానేసిందని కూడా నేను గమనించలేదు.

పోయిన వానాకాలం అక్క మా ఇంటికి వచ్చి పదిరోజులుంది. బావ పోయాక కొడుకు దగ్గరే, కోటగిరి దగ్గరి ఆ పల్లెలోనే ఉంటుంది. చాలా ఏళ్ళుగా బీపీ మాత్రలు వేసుకుంటోంది. మాత్ర మారి నెలన్నర అయింది, ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించమని మేనల్లుడు పంపాడు.

వచ్చిన రెండోరోజు పొద్దున నేను ముందుగదిలో ఒక పెళ్ళిపత్రిక ప్రూఫు చూస్తున్నాను. 'కల్యాణం' అని నేను దిద్దితే 'కళ్యాణం' కావాలని పెళ్ళివాళ్ళు మూడోసారి వెనక్కి పంపారు. ఒళ్ళు మండిపోతోంది. అక్క లోపల కింద కూర్చుని ఆకుకూర ఒలిచి, లేచి, ముందుగది గుమ్మం దగ్గరికి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, "తమ్మీ, సక్కరస్తుందిరా" అన్నది.

నా చెవికి 'సక్కర' తగిలింది. ఇంకేం కావాలి నాకు.

"సక్కర కాదక్కా, చక్కెర," అన్నాను తలెత్తకుండానే. "చ. చక్కెర."

"సక్కెర," అన్నది.

"చ, అక్కా. చెరకు అనలేదా? అట్లనే."

"చ... చక్కెర."

"ఇంకోసారి."

మూడుసార్లు చెప్పించాను. మూడోసారి శుభ్రంగా వచ్చింది. అప్పుడు తలెత్తి చూశాను. రెండు చేతులతో గుమ్మం పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. పాఠం మనసులో అనుకుంటోందని భావించాను. భలే అక్కా అన్నాను.

మా వైపు 'శక్కర వచ్చింది' అంటే షుగరు జబ్బు వచ్చిందని. ఊళ్ళో ఎవరో పరీక్ష చేసి ఉంటారు, అదే చెబుతోంది అనుకున్నాను. మా ఆవిడను పిలిచి, "అక్కకు షుగరొచ్చిందట, చాయ్‌లో చక్కెర వెయ్యకు" అన్నాను. నాలుగు రోజులు అక్క చప్పటి చాయ్ తాగింది. ఎందుకని అడగలేదు. పట్నంలో ఇట్లాగే తాగుతారేమో అనుకుందట, తర్వాత చెప్పింది.

ఐదోరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా టోకెను పిలిచే సమయానికి ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఫ్లెక్సీలో 'ప్రారంభోత్సవం' భ వత్తు పోయి, ప్రారంబోత్సవమై, కట్టేశారట కూడా. నేను వరండాలోకి పోయి అరుస్తున్నాను. అక్క ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను వచ్చేసరికి చీటీ చేతిలో పట్టుకుని బయటికి వస్తోంది, మొహం వెలిగిపోతోంది.

"ఏమైతుందమ్మా అని అడిగిండు డాక్టర్ సాబ్. చక్కెర వస్తుంది సార్ అని సాఫ్‌గ జెప్పిన," అన్నది. "జెర్ర గుడ తప్పు పోలె తమ్మీ."

కూర్చోబెట్టి బీపీ చూశారు, బాగుంది. రక్తం తీసి షుగరు చూశారు, లేదు. షుగరు లేదమ్మా, భయపడకు అని చెప్పి పంపారు. చక్కెర వస్తుంది అన్న మనిషికి ఎవరైనా అదే చెబుతారు. నేను సంతోషించాను. ఇంటికి రాగానే చాయ్‌లో చక్కెర వేయించాను. రెండు చెంచాలు ఎక్కువే వేయించాను. అక్క ఊరికి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత పొద్దున ఫోన్ మోగింది. మేనల్లుడి భార్య, అక్క కోడలు. "మామయ్య, అత్తమ్మ వడ్డది. వాకిట్ల కూసోని లేసింది, లేసుడుతోటే వడ్డది. చెయ్యి విరిగింది, నొసలు పలిగింది. బోధన్ దవాఖానకు తీస్కపోతున్నం."

బస్సెక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. అక్క నొసటి నుంచి రక్తం కారుతోంది అని తెలిసీ నా కళ్ళు బోర్డుల మీదే పరిగెత్తాయి. చీకెన్ సెంటర్. ముత్రము. ఆవ్హానం. ఆపుకోలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసి కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే గుమ్మం పట్టుకుని నిలబడ్డ అక్క కనిపించింది. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఎందుకు కనిపించిందో తెలియక మళ్ళీ కళ్ళు తెరిచాను. బోధన్ దగ్గరపడ్డాక చెరకు ఉండాల్సినచోట వరి, ఆ వెనక మూతబడ్డ ఫ్యాక్టరీ గొట్టం కనిపించాయి. దిగి, ఆటో కోసం ఆగలేక నడిచాను, పరిగెత్తాను, మళ్ళీ నడిచాను.

అక్క మంచం మీద ఉంది. నొసటికి కుట్లు, చేతికి కట్టు. నన్ను చూసి నవ్వబోయి, కుట్లు లాగి ఆపుకుంది. కోడలు మందులకు వెళ్ళింది. నర్సు వచ్చింది. బోధన్ ఊరి మనిషే, ముస్లిం ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి. చేతిలో కాగితాలు తిరగేస్తూ, "ఎట్ల పడ్డవమ్మా? కాలు జారిందా?" అని అడిగింది.

అక్క దిండు మీద తల తిప్పింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒప్పజెప్పే ముందు పిల్లలు సారు వైపు చూసే చూపు అది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి, "చక్కెర వచ్చింది," అన్నది.

నర్సు కాగితం చూసింది. "షుగరైతే లేదుగదమ్మా. నార్మలే ఉంది."

"షుగర్ గాదు. చక్కెర," అన్నది అక్క. ఆమెకు మాట దొరకడం లేదు. వెతుక్కుంటోంది. మళ్ళీ నా వైపు చూసింది. చివరికి బాగున్న చెయ్యి పైకెత్తి, గాలిలో వేలితో గుండ్రంగా తిప్పింది. తిప్పి, తిప్పి, "గిట్ల... గిట్ల అయితది, లేస్తే," అన్నది.

"అరె, చక్కర్!" అన్నది నర్సు. "చక్కర్ ఆతా క్యా అమ్మా? తల తిరుగుతదా?"

అక్క తలూపింది. తలూపి, ఆ మాట సరైనదో కాదో కనుక్కోవడానికి మళ్ళీ నా మొహం చూసింది.

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. చక్కర్. బోధన్ సందుల్లో ఉర్దూ మాట్లాడే ప్రతి ఇంట్లో తెలిసినమాట. రెంజల్ సంతలో మరాఠీ ఆడవాళ్ళకూ తెలిసినమాట. మా అవ్వ అన్నమాట, మా ఊరంతా అనేమాట, చ కాస్త స అయ్యి. కళ్ళు తిరిగి పడిపోతానేమో అని భయపడి, గుమ్మం పట్టుకుని, ఇంట్లో ఉన్న తమ్ముడికి చెప్పుకోవడానికి వచ్చింది మా అక్క. పడకుండా పట్టుకోవాల్సినవాణ్ణి నేను. ఆమె చేత మూడుసార్లు చక్కెర అనిపించాను. ఆమె నిలబడలేకపోతుంటే, ఇంకోసారి అన్నాను.

మరి కండ్లు తిరుగుతున్నయ్ అనొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ ఆ క్షణంలో అనిపించింది. అంతలోనే బారసాల గుర్తొచ్చింది. తల తిరగడానికి ఆమె దగ్గర ఉన్నవి రెండే మాటలు. రెండూ నేనే తీసేసుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అవ్వ ఊరికే అనేది కాదు.

నర్సు అక్కను పడుకోబెట్టి ఒకసారి బీపీ చూసింది. మెల్లగా లేపి, నిలబెట్టి, మళ్ళీ చూసింది. నిలబడగానే బీపీ బాగా పడిపోయింది. అక్క తూలితే నేను భుజం పట్టుకున్నాను. ఎంత తేలికగా ఉందో. నన్నెత్తుకుని తిరిగిన భుజం అది. నర్సు పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. చిన్న వయసాయన. మాత్రల చీటీ చూసి, ఈ మాత్ర మార్చాలి, లేచినప్పుడల్లా బీపీ పడిపోతోంది అన్నాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే నిజామాబాద్‌లోనే మార్చేవాళ్ళు కదా అన్నాడు. అక్క నేల చూసింది. తప్పు తనదే అనుకుంది.

"ఎప్పటి నుంచి ఉంది ఇట్లా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరవకముందే నేను అందుకున్నాను. ఆమెను మళ్ళీ నా మొహం చూడనివ్వకూడదు అనుకున్నాను. నలభై ఏళ్ళుగా నా నోట రానిమాట, ఇతరుల నోట వస్తే నేను ఊరుకోని మాట, అదే రావాలనుకున్నాను.

"నెల అయింది సార్," అన్నాను. "అప్పుడే చెప్పింది నాకు. సక్కరస్తుందని చెప్పింది."

డాక్టరుకు అర్థమైంది. రాసుకుంటున్నాడు. నర్సు కట్టు సరిచేస్తోంది. అక్క మాత్రం కంగారుపడింది. ఇంత చదువుకున్న తమ్ముడు, పదిమందికి తప్పులు దిద్దే తమ్ముడు, డాక్టరు ముందు నోరు జారాడని. బాగున్న చేత్తో నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. వంగాను. ఎవరికీ వినపడకుండా, నా చెవి దగ్గర, మెల్లగా చెప్పింది.

"సక్కర గాదు తమ్మీ. చ. చక్కెర. నువ్వే నేర్పితివి గదరా."